టోకెన్ల కోసం ఐదు సంతకాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను ఆఫీసు సూపర్‌వైజర్‌ని. పేరు పెద్దగా వినిపిస్తుంది గానీ గేటు స్లిప్పులు, బాండు పుస్తకాలు, హమాలీల లెక్క, బ్యాంకు వాళ్లొస్తే చాయ్ చెప్పడం, అన్నీ నా నెత్తినే. 2024 సీజన్‌లో, మిర్చి తెచ్చే బండ్లకు ముందే టైం చెప్పి టోకెన్లు ఇద్దామని నేనొక ప్రతిపాదన తయారుచేసి, తోటి సిబ్బంది ఐదుగురి చేత దానికి సంతకాలు పెట్టించాను. అది నిలబడేది కాదని నాకు సంతకాలు పూర్తికాక ముందే తెలుసు. అయినా పెట్టించాను. ఎట్లా పెట్టించానో రాస్తాను.

ముందు మా దగ్గరికి బండ్లు ఎట్లా వస్తాయో చెప్పాలి. అది తెలియకపోతే నా కాయితంలో తప్పెక్కడుందో అర్థం కాదు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట వైపుల నుంచి మిర్చి మార్కెట్‌లో దిగుతుంది. తేజ, వండర్ హాట్, దేశవాళీ చపాటా, ఏ రకమైనా సరే పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై రేటు తేల్చే మొదటి వేలం, అయ్యేదాకా రైతుకు ఆ రోజు రేటేందో తెలియదు. పాట అయ్యాక ఖరీదుదారులు ఒక్కో రాశి దగ్గరికొచ్చి, కాయ విరిచి చూసి, రంగు చూసి, తేమ ఉన్నదని ముక్కు విరిచి ఒక మాట చెప్తారు. ఆ మాట నచ్చితే కాంటా, తక్‌పట్టీ (అమ్మకం చీటీ), ఇంటి దారి. నచ్చకపోతే అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర కాసేపు కూర్చుని, ఇంటికి ఫోన్ చేసి, ఆఖరికి 'స్టోరేజీల పెడ్దాం తియ్యి' అనుకుని బస్తాలు మళ్లీ బండికెత్తిస్తాడు. అంటే మా గేటు ముందుకు బండి రావడమనేది మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో మార్కెట్‌లో పుట్టే నిర్ణయం. అప్పటిదాకా మా దగ్గర ఈగలు. ఆ తర్వాత ట్రాక్టర్లు, డీసీఎంలు, టాటా ఏస్‌లు ఒకదాని వెనుక ఒకటి. రాత్రి పదకొండు దాకా దించుడే. చాంబర్ లోపల ఐదారు డిగ్రీలుండాలి, తలుపులు గంటల తరబడి బార్లా తెరిచి ఉంటాయి, అమ్మోనియా కంప్రెసర్లు రొప్పుతూ ఉంటాయి. గేటు దగ్గర తిట్లు, హారన్లు.

ఆ ఏడు జనవరిలో మా అమ్మను హనుమకొండలో డాక్టరుకు చూపించడానికి తీసుకుపోయాను. ఫోన్‌లో టోకెన్ ఇచ్చారు. నాలుగున్నరకు రమ్మన్నారు, ఐదింటికల్లా మందుల చీటీతో బయట ఉన్నాం. బండి మీద ఇంటికొస్తూనే నా బుర్రలో మొదలైంది. మనిషికి టోకెన్ ఉన్నప్పుడు మిర్చి బండికి ఎందుకుండొద్దు? రైతు ముందు రోజే వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు, మనం టైం ఇస్తాం, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకు 12 బండ్లు. లైన్ ఉండదు. ఆ రాత్రే తెల్లకాయితం మీద గీతలు కొట్టి పట్టిక చేశాను. పట్టిక ఎంత ముద్దుగా వచ్చిందంటే, అందులో రైతు లేడన్న సంగతి నాకు కనిపించలేదు.

కొంచెం స్వార్థం కూడా ఉంది, దాచను. ఆ ఏడు జీతం పెంచమని అడగాలనుకుంటున్నాను. ఊరికే అడిగే బదులు ఇది చేసి చూపించి అడుగుదామని.

సేటు కాయితం చూసి, 'మంచిగనే ఉన్నది. గని పని జేసేటోళ్లు వాళ్లు. ఐదుగురితోని సంతకం పెట్టిచ్చుకరా, ఆదివారం కూసుందాం' అన్నాడు. ఆయన అట్లా అనడానికి కారణముంది. అంతకు రెండేళ్ల ముందు హమాలీల హాజరుకని వేలిముద్రల మిషన్ తెచ్చి పెట్టాడు, ఎవరినీ అడగలేదు. గోనె బస్తాలు రాకి రాకి వాళ్ల వేళ్ల మీద గీతలు ఎక్కడున్నాయి! సగం మంది వేళ్లను మిషన్ గుర్తుపట్టలేదు. ఇప్పుడది స్టోర్ రూంలో, తాళం చెవులు వేలాడదీసే కొయ్యలా ఉంది.

మొదటి సంతకం రాత్రి వాచ్‌మన్‌ది. ఆయనకు సగం మాట చెప్పేలోపే 'పెడ్తా సార్, ఏడ పెట్టాలె' అన్నాడు. గేటు దగ్గర తిట్లన్నీ పడేది ఆయనే కాబట్టి ఏ మార్పుకైనా ఒప్పుకుంటాడు. తేలిగ్గా వచ్చిందని దాన్ని కాయితంలో అడుగున పెట్టించాను. పైన నాలుగు ఖాళీలు ఉంచాను. మొట్టమొదట వాచ్‌మన్ సంతకం చూస్తే మిగతావాళ్లు తేలిగ్గా తీసుకుంటారని. చూడండి, అప్పటికే నేను పని గురించి కాదు, కాయితం ఎట్లా కనిపిస్తుందన్న దాని గురించే ఆలోచిస్తున్నాను.

రెండోది కాంటా అన్న. ఇతన్ని ఆఫీసులో అడిగితే పని కాదు. రోడ్డవతల హోటల్‌లో ఇరానీ చాయ్ ముందు పెట్టి అడిగాను. తిరుమలలో దర్శనానికి కూడా టైం ఇస్తారు గదా అన్నా అని మొదలుపెట్టాను. ఆ పోలిక మీద నాకు చాలా నమ్మకం.

'దేవుడు ఏడికి పోడు తమ్మీ, రేటు పోతది' అన్నాడు.

చాయ్ గొంతులో ఇరుక్కుంది. ఆ ఒక్క మాటతో నా పట్టిక మొత్తం కూలిపోవాలి, న్యాయంగా. జవాబు లేనప్పుడు మాట మార్చడం ఒక విద్య, అది నాకు వచ్చని ఆ రోజే తెలిసింది. 'బువ్వ టైంకు తింటున్నవా అన్నా?' అన్నాను. ఆయన డబ్బా ఏ రోజూ మూడున్నరకు ముందు తెరవడు, షుగర్ ఉంది. టోకెన్లు వస్తే ఒంటిగంట నుంచి అరగంట కాంటా బంద్ అన్నాను. కొంచెం మెత్తబడ్డాడు. కానీ అసలు అడ్డు అది కాదని నాకు తెలుసు. లైన్‌లో వెనుకున్న బండిని ముందుకు పిలిస్తే ఆయనకు చాయ్ ఖర్చులు ముడతాయి. ఇది ఆయనకు తెలుసు, నాకు తెలుసు, సేటుకూ తెలిసే ఉంటుంది. ఎవరం ఎత్తం. 'రోజుకు ఐదు అర్జెంటు టోకెన్లు నీ చేతిల ఉంటయి' అన్నాను. కాయితంలో ఆ ముక్క లేదు. అక్కడికక్కడ పుట్టింది. ఆయన మూతి తుడుచుకుని పెన్ను అడిగాడు.

అప్పటినుంచి పెన్ను టోపీ తీసే జేబులో పెట్టుకుని తిరిగాను. మనిషి మెత్తబడ్డ నిమిషంలోనే చేతిలో పెన్ను ఉండాలి, వెతుక్కునేలోపు మనసు మారుతుంది. చొక్కా జేబు మీద సిరా మరక ఇప్పటికీ ఉంది, సబ్బుకు పోలేదు.

అకౌంట్స్ అక్క దగ్గర చాయ్, ముచ్చట్లు పనిచేయవు. కాయితం అడిగి తీసుకుంది. మొత్తం చదివింది. చదివినవాళ్లలో ఆమె ఒక్కతే. 'టైంకు రాని బండిని ఏం చేస్తవ్ తమ్మీ? టైం లేకుండ వచ్చిన బండిని ఏం చేస్తవ్?' అంది. రెండే ప్రశ్నలు. నేను 'అవన్నీ నడుస్తుంటే సర్దుకుంటయి అక్కా' అన్నాను. 'ఎవరెవరు ఒప్పుకున్నరు?' అంటే 'అందరు ఒప్పుకున్నరక్కా, నువ్వొక్కదానివే' అన్నాను. అప్పటికి రెండు సంతకాలే ఉన్నాయి. కాయితం ఆమె చేతిలోనే ఉంది, ఖాళీలు కనిపిస్తూనే ఉన్నాయి. 'మిషన్ రూం, మేస్త్రి నోటితో ఔనన్నరు, సాయంత్రం పెడతరు' అని దాని మీద ఇంకొకటి కలిపాను. ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. 'వాళ్లు పెట్టినంక తీసుకురా' అని కాయితం తిరిగిచ్చింది.

ఇక్కడొక మాట. అబద్ధం చెప్పాక దాన్ని నిజం చేయడానికి ఉరుకుతాం చూడండి, ఆ ఉరుకులాటలో ప్రతిపాదన మంచిదా చెడ్డదా అన్న ఆలోచనే ఉండదు.

మిషన్ రూం తమ్ముడు నాకంటే చిన్నవాడు, ఐటీఐ చదివాడు. కంప్రెసర్ల చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది. అతను చెవి దగ్గరికొచ్చి, 'టోకెన్లు నాకు సమజ్ గాలె అన్నా. నాదొకటే బాధ. మూడు చాంబర్ల తలుపులు ఒక్కసారి తెరుస్తున్నరు. ఒక్కటి నింపి మూసి, ఇంకోటి తెరువుండ్రి. కరెంటు మిగులుతది, సరుకు రంగు మిగులుతది' అన్నాడు. ఏసీ సరుకుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చికి, రంగే ప్రాణం. దసరా తర్వాత బయటికి తీసినప్పుడు కాయ ఎర్రగా నిగనిగలాడితేనే రైతు ఆరు నెలలు ఆగినందుకు ఫలితం. పొడి కాయ మీద చెమ్మ పడితే నల్లబడుతుంది. అతని మాట బంగారం లాంటిది. నేను చేసిందేమిటంటే, ఆ మాటను నా కాయితం చివర ఒక లైనుగా చేర్చి, 'సూడు, నీదే రాసిన' అని సంతకం తీసుకున్నాను. అతనికి కావలసింది తలుపుల సంగతి. దాన్ని చూపించి టోకెన్లకు సంతకం పెట్టించుకున్నాను.

మిగిలింది హమాలీ మేస్త్రి. ఆరవై దగ్గర వయసు, ఆయన కింద 36 మంది. నేను కాకా అంటాను. ఆయన నన్ను సారూ అంటూనే నువ్వు అంటాడు, ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్తా మీద లాట్ నంబరు ఎక్కడ రాయాలో నేర్పింది ఆయనే మరి. మొదటిసారి అడిగినప్పుడు బస్తాల మీద కూర్చుని బీడీ ఆర్పి విన్నాడు.

'పొద్దుగాల రైతుకేం ఎరుక సారూ, మాపటికి మీ కాడికొస్తడని?' అన్నాడు. కాంటా అన్న మాటే, ఇంకో దిక్కు నుంచి. తర్వాత అసలుది: 'మా పోరగాళ్లు పొద్దుగాల బియ్యం గోదాంల మోస్తరు. పగటీలి మీ కాడికొస్తరు. నువ్వు తొమ్మిదికి రమ్మంటవు. గోదాం ఇడిసిపెట్టి వస్తే బస్తాలుంటయా?'

వాళ్లకు నెల జీతం లేదు. బస్తాకింత. బస్తా లేకపోతే కూలి లేదు.

'ఉంటయి కాకా' అన్నాను.

'సూద్దాం' అన్నాడు. సంతకం పెట్టలేదు.

అప్పుడే మేడారం జాతర వచ్చింది. ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. జాతరంటే మా దిక్కు సంగతి తెలిసిందే, ఊళ్లకు ఊళ్లు ఖాళీ. ట్రాక్టర్లు, డీసీఎంలు మిర్చి మోయడం ఆపి మనుషులను మోస్తాయి. మాకు సీజన్‌లో రోజుకు నూరు, నూట ఇరవై బండ్లొస్తాయి, ఆ వారం నలభై దాటలేదు. నేను సరిగ్గా ఆ వారమే 'ట్రయల్' పెట్టాను. సేటుకు చెప్పి, వచ్చే నలభై మందికీ టోకెన్లు ఇచ్చాను. లైన్ లేదు, తిట్లు లేవు, ఎనిమిదింటికల్లా గేటు మూత. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను, ఖాళీ గేటు ఫొటోలు! బండ్లు లేకపోతే లైన్ ఉండదని చిన్నపిల్లవాడైనా చెప్తాడు. నాకు తెలియదా? తెలుసు. మిగతావాళ్లు అడగరనుకున్నాను. మేస్త్రి, హమాలీల్లో సగం మంది మేడారంలోనే ఉన్నారు కాబట్టి అడిగేవాళ్లు తక్కువ కూడా.

25, ఆదివారం పొద్దున మేస్త్రి దిగాడు. దుమ్ము కొట్టుకుపోయి, కళ్లు ఎర్రగా, రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడట. నన్ను చూడగానే తువ్వాల మూట విప్పి గద్దెల కాడి బంగారం ముక్క చేతిలో పెట్టాడు. బెల్లం అనొద్దు దాన్ని, మా దగ్గర బంగారమే. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను. మీటింగ్ పదకొండింటికి.

'కాకా, ఆ కాయితం' అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. మేస్త్రికి జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నది ఒక్కటే. ముందటి ఏడు ఆయన బిడ్డ పెళ్లికి సేటుతో మాట్లాడి అడ్వాన్స్ ఇప్పించింది నేను. ఆ మాట ఎత్తలేదు. 'బిడ్డ మంచిగున్నదా కాకా? అల్లుడు మంచిగ సూసుకుంటున్నడా?' అని మాత్రం అడిగాను.

ఆయన నా దిక్కు కొంచెంసేపు చూశాడు. నోట్లో బెల్లం కరుగుతోంది. 'మంచిగున్నది సారూ' అని చెయ్యి చాపాడు. పెన్ను ఇచ్చాను.

ఆ సంతకం చూసి అకౌంట్స్ అక్క కూడా పెట్టింది, ఏమీ అడగకుండా. మీటింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. సేటు ఫొటోలు చూసి 'శభాష్' అన్నాడు. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. వేయాల్సిన ప్రశ్నలన్నీ నన్ను విడివిడిగా అప్పటికే అడిగేశారు కదా. అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి, గది మధ్యలోకి రాలేదు. ఐదుగురిలో ఎవరికీ పక్కవాడు ఏమడిగాడో తెలియదు. అందరూ ఒప్పుకున్నారనుకుని అందరూ ఒప్పుకున్నారు.

మర్నాడు సోమవారం. ఎనుమాములలో శని, ఆదివారాలు సెలవు, కాబట్టి ఏ సోమవారమైనా బండ్లు ఎక్కువే. దాని మీద జాతరకు ఆగిన సరుకంతా కలిసింది. ముందు రోజు ఫోన్‌లో 90 టోకెన్లు ఇచ్చాను. పొద్దున తొమ్మిదికి 36 మంది హమాలీలు గోదాం పని వదిలి మా షెడ్డు కింద కూర్చున్నారు. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండు దాకా వచ్చిన టోకెన్ బండ్లు 14. మిగతావాళ్లు ఏరి? కొందరికి మార్కెట్‌లో రేటు కుదిరింది, అమ్ముకున్నారు. మిగతావాళ్ల రాశుల దగ్గరికి ఖరీదుదారులింకా రానేలేదు. హమాలీలు పులి-మేక ఆడుకుంటున్నారు. మేస్త్రి నా కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

రెండు దాటాక మొదలైంది. టోకెన్ లేనివాళ్లు అరవై, పదింటి టోకెన్ పట్టుకుని మూడింటికి వచ్చినవాళ్లు ఇరవై, నాలుగింటి టోకెన్‌తో సరిగ్గా టైంకు వచ్చి ముందున్న ఎనభై బండ్లను చూసి నెత్తి పట్టుకున్నవాళ్లు పది. కాంటా అన్న ఐదు అర్జెంటు టోకెన్లు సాయంత్రానికి ముప్పై అయ్యాయి. ఏటూరునాగారం దిక్కు పెద్దమనిషి ఒకాయన టోకెన్ నంబరున్న ఫోన్ నా మొహం ముందు పెట్టి, 'మిర్చి నాది, బండి కిరాయి నాది, టైం నీదెట్లయితది బిడ్డా?' అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆఖరి బస్తా దిగేటప్పటికి రాత్రి ఒంటిగంటన్నర. మూడు చాంబర్ల తలుపులూ తెరిచే ఉన్నాయి.

మంగళవారం అదే. బుధవారం అదే. బుధవారం సాయంత్రం సేటు గేటు దగ్గరికొచ్చి, 'బంద్ జెయ్యి' అన్నాడు. తిట్టలేదు. నా జీతం మాట ఆ ఏడు నేనూ ఎత్తలేదు.

మూడు పొద్దులు 36 మంది కూలి పోయింది. సేటును అడిగితే ఒక పూట కూలి ఇప్పించాడు. మిగతా రెండు పూటల గురించి వాళ్లు అడగలేదు. నేను లెక్క వేసి చూసుకున్నాను, నా జేబులోంచి ఇచ్చేంత చిన్నది కాదు. ఇవ్వలేదు. కాంటా అన్న మాత్రం వేసవంతా 'దేవుని టోకెన్ ఉన్నదా తమ్మీ' అని ఆటపట్టించాడు. అది నాకు నయమే అనిపించేది. అకౌంట్స్ అక్క ఒక్కటే అంది: 'నాకు అబద్ధం చెప్పినవని ఆ రోజే తెలుసు. వాళ్లు నిజంగ పెట్టేసరికి నేనే తప్పనుకున్న.'

ఆ కాయితంలో చివరి లైను మాత్రం బతికింది. ఒక్కో చాంబర్ నింపి మూసి, ఇంకోటి తెరవడం. ఇప్పటికీ అట్లే నడుస్తోంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది, మిషన్ రూం తమ్ముడు మేస్త్రితో రెండు నిమిషాలు మాట్లాడాడు, అంతే.

డిసెంబర్‌లో, కొత్త సీజన్‌కు ముందు, నాకు ఇంకో ఆలోచన వచ్చింది. చిన్న బండ్లకు విడిగా రెండో కాంటా. పది బస్తాలు తెచ్చిన ఆటో వంద బస్తాల డీసీఎం వెనుక ఎందుకు నిలబడాలి? ఈసారి పట్టిక గీయలేదు, ఉన్నదున్నట్టు రాశాను. దానికి స్థలం ఎక్కడో, రెండో కాంటా మీద ఎవరు కూర్చోవాలో నాకు తేలలేదు, ఆ రెండూ తేలలేదనే రాశాను. సేటు దగ్గరికి పోకముందే షెడ్డు కిందికి పోయాను. మేస్త్రి గోనె దారం పేనుతున్నాడు.

'కాకా, ఒక కాయితం ఉన్నది.'

ఆయన నా మొహం చూడలేదు. చొక్కా జేబు చూశాడు.

'పెన్ను తెచ్చినవా?'

'తేలే కాకా.'

'అట్లయితే కూసో. సదువు.'

చదవడం మొదలుపెట్టాను. మూడో లైను దగ్గర చెయ్యెత్తి ఆపాడు.